సబ్బు నీళ్ళు వద్దన్న మేస్త్రీ

చిరంజీవి అమ్మడికి,

నాన్న దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ మేనత్తా, పెద్దావిడా ముగ్గురం కులాసా. పెద్దావిడంటే మన షెడ్డులో పాత బస్సని నీకు చెప్పక్కర్లేదు. అల్లుడు గారు ఈ ఉత్తరం చదివితే ఇంట్లోకి కొత్త మనిషి ఎవరొచ్చారా అని కంగారు పడతాడు, అందుకని రాశాను. నీ మెడ మీద కుట్లు ఎండిపోయాయనీ, తీసిన గడ్డ ప్రమాదకరమైంది కాదని రిపోర్టు వచ్చిందనీ చదివి మీ అత్త ఆ ఉత్తరాన్ని కళ్ళకద్దుకుంది. నేను పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. నా మోకాలు ఎలా ఉందన్నావు. పెద్దావిడ ఇంకా రోడ్డు మీద తిరుగుతోందా అన్నావు. ఆపరేషనుకి ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి, భయంగా ఉంది ఒక్కసారి రా నాన్నా అంటే, 'సరే తల్లీ, మంచిది' అని పెట్టేసి ఎందుకు రాలేదన్నావు. మూడోదానికి జవాబు రాద్దామని పది రోజులుగా కూర్చుంటున్నాను. రెండు కాగితాలు చింపేశాను కూడా. మొదటి రెండూ రాస్తూ పోతే చెయ్యి దానంతటదే మూడోదాని దగ్గరికి వస్తుందని ఇవాళ మొదలుపెట్టాను. నువ్వు మాత్రం కాగితం తిప్పి చివర చూడకు. నీకు చిన్నప్పటి నుంచీ ఆ దురలవాటుంది.

మోకాలు పర్వాలేదు. మెట్లెక్కేటప్పుడు తిడుతుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది. బస్సు కిందికి దూరడం మానలేదు. దూరాక బయటికి రావాలంటే ఎవరో ఒకరు లాగాలి, ఆ వంకతో షెడ్డులో చిన్నా పెద్దా అందరూ నా కాళ్ళు పట్టుకుంటున్నారు.

ఇక పెద్దావిడ సంగతి. మూడు వారాలు నన్ను మూడు చెరువుల నీళ్ళు తాగించింది. రాత్రి గాలి నిండా పట్టించి నిలబెడితే, పొద్దున వచ్చేసరికి గాలి మీటరు ముల్లు సున్నా దగ్గర ఉండేది. బ్రేకులకు గాలి చాలేదాకా ఇంజిన్ ఆన్ చేసి అరగంట కూర్చోవాలి. ఇది చాలదన్నట్టు, తాళం తిప్పి ఆపితే ఇంజిన్ ఆగేది కాదు. ఈ బస్సులో ఇంజిన్ ఆగడానికీ గాలే కావాలి. తాళం తిప్పగానే ఒక వాల్వు తెరుచుకుంటుంది, సన్న పైపులోంచి గాలి వెనక్కి పోయి ఇంజిన్ పక్కనున్న చిన్న సిలిండరుని తోస్తుంది, అది డీజిల్ పంపు లివరుని లాగి పట్టుకుంటుంది. డీజిల్ అందక ఇంజిన్ ఆగుతుంది. అలాంటిది, తాళం తీసి జేబులో వేసుకున్నా పెద్దావిడ తన మానాన తాను గుడగుడలాడుతూనే ఉండేది.

పాపం డ్రైవరమ్మకి చచ్చే చావయింది. ఈవిడ నువ్వు వెళ్ళాక చేరింది. నలభై దాటిన మనిషి, మాట తక్కువ, నన్ను బాబాయ్ అంటుంది. బడి ముందు పిల్లల్ని దింపి, తను కిందికి దిగి, వెనక్కి వెళ్ళి, తలుపు ఎత్తి, చేత్తో లివరు లాగి ఇంజిన్ ఆపేది. పిల్లలు వరసగా నిలబడి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఒక రోజు ఇంజిన్ పక్కన వేడి గొట్టం తగిలి మోచెయ్యి బొబ్బలెక్కింది. పొడుగు చేతుల చొక్కా వేసుకు రావడం మొదలుపెట్టింది, అంతే.

నేను రెండు జబ్బులనుకుని రెండు వైద్యాలు చేశాను. గాలి నిలవడం లేదని, గాలి నింపే కంప్రెసరు దించి లోపలి వాల్వులు మార్చాను. ఇంజిన్ ఆగడం లేదని తాళం స్విచ్చి మార్చాను, వైర్లన్నీ వెతికాను. రోడ్డు మీద ఉన్నంతసేపూ ముల్లు గీత మీద నుంచి జరగదు, షెడ్డుకొచ్చి ఆపితేనే పడిపోతుంది. ముప్పై ఐదేళ్ళ పనిలో ఇలాంటి టక్కులమారిని చూడలేదు.

మా షెడ్డులో గాలి వినడం అని ఒకటి ఉండేది, నీకు గుర్తుందా? సాయంత్రం అన్ని బళ్ళూ ఆపేసి, అందరూ పనిముట్లు కింద పెట్టి నోరు మూసుకుంటే, నేను తల వంచుకుని బస్సు చుట్టూ ఒక్క ప్రదక్షిణ చేసేవాణ్ణి. ఎంత సన్న లీకైనా చోటుతో సహా చెప్పేవాణ్ణి. వేరే చోట్ల అతుకుల మీద సబ్బు నీళ్ళు పోసి బుడగలు చూస్తారు. మా షెడ్డులో మాత్రం సబ్బు నీళ్ళు నిషేధం. 'అవి చెవుల్లేని వాళ్ళకి' అని కొత్తగా వచ్చిన మెకానిక్కు చేతిలోంచి డబ్బా లాక్కుని పారబోసిన మహానుభావుణ్ణి నేనే.

మూడో వారం మేనేజరు వచ్చాడు. ఇంకో వారంలో బాగు కాకపోతే బస్సు తుక్కుకే అన్నాడు. ఆ సాయంత్రం బళ్ళన్నీ ఆపేసి అందరూ గాలి వినడానికి నిలబడ్డారు. నేను చుట్టూ తిరిగాను.

"ఏమైనా ఉందా మేస్త్రీ గారూ?" అన్నాడు.

"లీకు లేదు. శుభ్రంగా ఉంది," అన్నాను.

తర్వాత తెలిసింది, ఆ నిలబడ్డ ఏడుగురికీ వెనక తలుపులోంచి బుస్సుమని చప్పుడు వినపడుతూనే ఉందట. మేస్త్రీ లేదన్నాక ఉందని చెప్పే మొగాడెవరు? అది ఉండాల్సిన చప్పుడే కాబోలు అని వాళ్ళకి వాళ్ళే సర్దిచెప్పుకున్నారట.

మర్నాడు మధ్యాహ్నం డ్రైవరమ్మ బస్సు కడగడానికి బకెట్టు నిండా నురగ కలుపుకుని వచ్చింది.

"బాబాయ్, ఈ వెనక తలుపు లోపలంతా మసి కొట్టుకుపోయింది. కడిగేస్తాను. వైర్ల మీద నీళ్ళు పడకుండా మీరు కాస్త చూస్తుండండి."

నిలబడి చూశాను. ఆవిడ గుడ్డ ముంచి, తిన్నగా ఆ సన్న పైపు మీద, అది ఇనప పట్టీకి ఒరుసుకునే చోట పిండింది. నిమ్మకాయంత బుడగ లేచింది. పగిలింది. ఇంకోటి లేచింది.

రెండు జబ్బులు కావు తల్లీ, ఒకటే. ఇంజిన్ ఆపే గాలి పోయే పైపుకే చిల్లు. తాళం ఆన్‌లో ఉంటే అందులోకి గాలే రాదు, అందుకే రోడ్డు మీద అంతా బాగుంటుంది. తాళం తీశాకే గాలి వస్తుంది, సిలిండరు దాకా వెళ్ళకుండా మధ్యలోనే పోతుంది, రాత్రంతా పోతూనే ఉంటుంది. ఇరవై నిమిషాల్లో పైపు మార్చాను. తాళం తిప్పగానే పెద్దావిడ బుద్ధిగా ఆగింది. మర్నాడు పొద్దున ముల్లు పెట్టిన చోటే ఉంది.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. నేను నోరు తెరిచేలోపే డ్రైవరమ్మ అందుకుంది. "మేస్త్రీ గారే అక్కడ కడగమన్నారండీ. ఆయనకి దొరకనిదేముంది?"

అందరూ నన్ను మెచ్చుకున్నారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. వాళ్ళు వెళ్ళాక ఆవిడ నాకు ఎదురుగా వచ్చి నిలబడి, నా మొహంలోకి చూస్తూ నిదానంగా అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి బాబాయ్?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ఏడాది దాటింది," అన్నాను.

ఇదీ తల్లీ నీ మూడో ప్రశ్నకి జవాబు. నాకు సన్న చప్పుళ్ళు వినపడవు. లారీ హారను వినపడుతుంది, సుత్తి దెబ్బ వినపడుతుంది, మీ అత్త గొంతు సరేసరి, మూడు వీధులకి సరిపోతుంది, అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. గాలి లీకు వినపడదు. ఫోన్లో నీ గొంతు వినపడదు. నీది అసలే సన్నటి గొంతు. నువ్వు మాట్లాడుతున్నావని తెలిసేది, ఏం మాట్లాడుతున్నావో తెలిసేది కాదు. మళ్ళీ చెప్పమని అడిగితే నాన్నకి చెవుడొచ్చిందని బాధపడతావని, అంతకంటే ఎక్కువగా చెవి మీద బతికిన మేస్త్రీకి చెవుడని నలుగురికీ తెలుస్తుందని, నువ్వు ఆగినప్పుడల్లా 'సరే తల్లీ, మంచిది' అనేవాణ్ణి. ఏడాదిగా నీతో అవే మాటలు మాట్లాడుతున్నాను. ఆ సాయంత్రం కూడా అవే అన్నాను. పక్కనున్న మీ అత్త 'ఏమంటోందిరా' అని అడిగితే, 'బాగానే ఉందట' అని చెప్పాను.

నీకు ఆపరేషనని నీ ఉత్తరంలోనే మొదటిసారి చదివాను, చదవగానే ఏం జరిగిందో నాకు అర్థమైపోయింది. అయినా పది రోజులు దాచాను. మర్చిపోయానని రాద్దామా, సెలవు దొరకలేదని రాద్దామా అని కూడా ఆలోచించాను. అంత నీచానికి దిగబోయాను. నన్ను క్షమించమని అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నాను. అంత కోపంలోనూ నువ్వు మాట్లాడటం మానేయకుండా ఉత్తరం రాశావు చూడు, దానికి నీకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి. రాయకపోయి ఉంటే నాకెప్పటికీ తెలిసేదే కాదు.

డ్రైవరమ్మ తన సెలవు రోజు మానుకుని నన్ను చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. వాళ్ళ మామగారికీ ఇదే జబ్బట, అందుకే బస్సు మొండికేసిన మొదటి వారంలోనే నా సంగతి పసిగట్టిందట. ఒక గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడినప్పుడు మీట నొక్కమన్నారు. సగం సేపు నొక్కకుండానే కూర్చున్నాను. రెండు చెవులకీ మిషన్లు ఇచ్చారు. షెడ్డుకెళ్ళి అందరి ముందూ నిజం చెప్పేశాను. మేనేజరు పోయి రమ్మంటాడనుకున్నాను. ఆయన, "చేతులు బాగానే ఉన్నాయిగా మేస్త్రీ గారూ," అన్నాడు. నేను పారబోసిన డబ్బా తాలూకు మెకానిక్కు వెళ్ళి కొత్త డబ్బాలో సబ్బు కలిపి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఇంతమంది మంచివాళ్ళ మధ్య ఉంటూ ఏడాది పాటు ఎవరికి భయపడ్డానో నాకే తెలియడం లేదు.

మిషన్లు పెట్టుకున్నా ఫోన్లో మాట ఇంకా ముద్దముద్దగానే ఉంది. అలవాటు కావాలట. అందుకే ఫోన్ చేయలేదు. ఎదురుగా కూర్చుని మాట్లాడితే మాత్రం పెదాలు చూస్తూ అంతా అందుకోగలుగుతున్నాను. వారం రోజులు సెలవు పెట్టాను. ఆదివారం మధ్యాహ్నానికి నీ గుమ్మం ముందుంటాను. స్టేషనుకి రావద్దని అల్లుడు గారికి చెప్పు, అడ్రసు నా దగ్గరుంది.

నేను రాగానే ప్రయాణం ఎలా జరిగిందని అడగకు, అన్నం వడ్డించడానికి లేవకు. నా ఎదురుగా కూర్చో. ఆ సాయంత్రం ఫోన్లో నాకు ఏం చెప్పావో, ఎంత భయపడ్డావో, మొదటి మాట నుంచి మళ్ళీ చెప్పు తల్లీ. నేను ఇంకా అది వినలేదు.

ఇట్లు,
ఆలస్యంగానైనా బయల్దేరిన
నీ నాన్న