మంచినీళ్ళయినా తాగకుండా

గుంటూరు,
శుక్రవారం.

అమ్మకు మహిమ వందనాలు. దేవుని దయవల్ల నేను కులాసా. నువ్వూ అనిల్ అన్నయ్యా కూడా అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. ఫోన్‌లో నీ గొంతు వినగానే అసలు మాట మింగేస్తానని ఇలా రాస్తున్నాను.

దగ్గు తగ్గింది. హాస్టల్ అన్నం మాత్రం ఇంకా పలుకుగానే ఉంటోంది. యార్డుకు మిరపకాయలు వస్తున్నాయి, దారంతా ఘాటు. ఆ ఘాటుకు మన పొదిలి వాకిలి గుర్తొస్తుంది. పండుమిరపకాయలకు తొడిమలు తీస్తూ నువ్వు పాడేదానివి. నాకు చేతులు మండితే ముందు తిట్టి, తర్వాత మజ్జిగతో కడిగేదానివి. ఆ తిట్ల మీద కూడా బెంగగా ఉందమ్మా.

"మన పచ్చడికి ఆర్డర్లు ఎందుకు పడిపోయాయే, ఉప్పెక్కువైందా?" అని అడిగావు. నీ చేతిలో ఏ లోపమూ లేదు.

నాది కంప్యూటర్ పని అన్నానుగా, అదేమిటో చెబుతాను. నెట్‌లో పచ్చళ్ళ కోసం వెతకాలి. మాకు జీతమిచ్చే కంపెనీ దుకాణం తెరిచి, కొనేవాళ్ళలా కాసేపు ఉండాలి. మిగతా దుకాణాలు తెరిచీ తెరవగానే బయటికి వచ్చేయాలి. జనం ఆగిన దుకాణమే మంచిదనుకుని నెట్ దాన్ని పైకి తెస్తుంది, ఆగనివాటిని కిందికి తోస్తుంది.

సోమవారం నా వంతుకు కొత్త పేరొచ్చింది: జయకుమారి కొరివికారం, పొదిలి. అన్నయ్య నీ పేరున పెట్టిన పేజీ. పక్క కుర్చీల్లోని అమ్మాయిలు నెలనుంచే దాని పని పడుతున్నారట. తెరిచాను. రోలు ముందు నువ్వు, ఘాటుకు తల పక్కకు తిప్పుకుని నవ్వుతూ. గుమ్మం దాకా వచ్చినవాళ్ళను మంచినీళ్ళయినా తాగకుండా ఎప్పుడైనా పోనిచ్చావా? పోస్టు తెచ్చే బుల్లయ్యను కూడా "కాసేపు కూచోవయ్యా" అని ఆపేదానివి. నీ గుమ్మంలోంచి నేనెలా వెనక్కి తిరగను? ఉండిపోయాను.

"ఏంటమ్మా, దాన్నే పట్టుక్కూచున్నావ్?" అన్నారు మేనేజర్ త్రినాథ్ గారు.

"మా అమ్మండీ."

ఆయన వంగి తెర మీది నిన్ను చూశారు. "సరేలే, అది శ్రీదివ్యకిస్తాను. నువ్వు పక్కది చూడు."

పక్కది కనిగిరివాళ్ళది. అందులోనూ ఎవరో ఒకావిడ జాడీ పట్టుకుని నిలబడి ఉంది. సంచీ తీసుకుని లేచి వచ్చేశాను.

అన్నయ్యకు చెబితే, "మనమూ నలుగుర్ని పెట్టి మన పేజీ నొక్కిద్దాం" అంటున్నాడు. వద్దని నువ్వే చెప్పు, నీ మాటయితే వింటాడు.

ఉద్యోగం వదిలేశానని చెప్పడానికి ఇంత రాశాను. బాధపడకు. ఆ కుర్చీలో కూర్చుని ఎన్నో పేజీలు తెరిచాను గానీ, కళ్ళారా చూసింది నిన్నొక్కదాన్నేనమ్మా.

ఇట్లు,
నీ కూతురు
మహిమ