ఆరో పొట్లం

మామయ్యా, నమస్కారం.

నిఘంటువు ఆఫీసులో నా పని ‘ఫైన్’ అనే ఇంగ్లీషు మాట దగ్గర ఆగిపోయింది. మేలిమి, సన్నం, మెత్తన, పదును, మంచి వాతావరణం, క్షేమం. ఒక్క మాటకు ఇన్ని అర్థాలా అని నోరెళ్లబెట్టాను. వచ్చే శనివారంలోగా ఉదాహరణలు ఇవ్వకపోతే నా ఉద్యోగం ఉండదన్నారు మా ఆఫీసు పెద్దాయన. కంసాలివి కదా, నీకు తోచినవి రాసి పంపు. చూపు ఎలా ఉంది?

నీ మేనకోడలు

తా.క.: పెద్దాయన నవ్వగా చూసినవాళ్లు ఈ ఆఫీసులో లేరు. సరదాలు వద్దు.

అమ్మడూ,

నా కొట్లో సుత్తి కూడా ఇన్ని పనులు చెయ్యదు. ఆ మాటకు దణ్ణం పెట్టాలి. కానీ చేత్తో పట్టి చూడనిదే దేన్నీ నమ్మడం మా పనిలో లేదు. అందుకే రాయకుండా పొట్లాలు కట్టాను. మేలిమి బంగారపు పూస, సన్నని తీగ, ఆకురాయితో రాస్తే రాలిన మెత్తని బంగారు రజను, పదునైన ఉలి. వాతావరణానికి మాత్రం సీసా. ఆదివారం ఎండలో మూత తీసి ఉంచి, బిగించాను. ఆరోది క్షేమం. నేను బాగున్నాను.

మీ మామయ్య

తా.క.: సీసా మూత తియ్యకు. అలాంటి ఆదివారం మళ్లీ దొరకదు.

మామయ్యా,

నేనడిగింది ఉదాహరణలు, నీ కొట్టు కాదు. పెద్దాయన రజను పొట్లం ఫ్యాన్ కింద విప్పారు. ఆయన మీసాలు మెరుస్తున్నాయి, చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. కానీ తీగను కిటికీ వెలుగులో పైకెత్తినప్పుడు ఆఫీసంతా ఊపిరి బిగబట్టింది. ‘ఇది మనిషి చేత్తో లాగిందేనా?’ అని రెండుసార్లు అడిగారు. నాకు కళ్లు చెమర్చాయి. ఐదు అర్థాలూ ఖాయమయ్యాయి. ఆరో పొట్లమే ఖాళీ. ఎక్కడో జారిపోయిందని పద్నాలుగు మందిమి బల్లల కింద దూరి వెతికాం. ఏం పెట్టావు అందులో? అది తేలితేనే పేజీ అచ్చుకు పోతుంది.

నీ మేనకోడలు

తా.క.: సీసా మూత పెద్దాయనే తీశారు. వాసన చూసి ‘నిజమే’ అన్నారు. నవ్వారు కూడా.

అమ్మడూ,

వెతకడం ఆపండి. ఏదీ జారిపోలేదు. మూడు నెలలుగా నీకు ‘బాగున్నాను’ అని రాస్తున్నానే, దాన్ని త్రాసులో వేసి చూశాను. ముల్లు కదల్లేదు. ఉన్నదున్నట్టు కట్టి పంపాను. కుడి కన్ను మసక, ఎడమ కన్ను దానికి తోడు. ఆ తీగ నేను లాగిన ఆఖరిది. ఇంత చిన్న మాట అంత సంగతిని ఎలా దాచిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పెద్దాయనకు ఇదే ఉదాహరణగా ఇవ్వు. ఉద్యోగం నిలబెట్టుకుని ఒకసారి రా.

మీ మామయ్య

తా.క.: వచ్చేటప్పుడు ఆ ఖాళీ పొట్లం తీసుకురా. నిన్ను చూశాక అందులో పెట్టడానికి ఏదైనా దొరుకుతుంది.