పదకొండు మంది ముందు చదివిన ఉత్తరం

జూన్ 3, మంగళవారం



పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో మా డీటీపీ షాపుకు ఒక పోస్టర్ టైపింగుకు వచ్చింది. పుస్తక మిత్రుల సమావేశం. ఒకే నవల మీద రెండు ఆదివారాలు చర్చ. కథ చెప్పేది ఆటిజం ఉన్న పదహారేళ్ళ అమ్మాయి. ఎల్‌బీ నగర్‌లో ఒక అపార్ట్‌మెంటు కమ్యూనిటీ హాలు. అందరికీ ఆహ్వానం. కింద నిర్వాహకురాలి పేరు — వసుంధర, రిటైర్డ్ ప్రిన్సిపాల్.

ఆరేళ్ళ క్రితం నా కీర్తనను ఐదో తరగతి మధ్యలో బడి నుంచి పంపించేసిన వసుంధర మేడం.

ఆమె పేరు నేనే టైప్ చేశాను. ఒక్క తప్పు లేకుండా. అక్షరాలు కొంచెం పెద్దవి కూడా చేశాను.

పుస్తకంలో పిల్ల అయితే పిలిచి మరీ కూర్చోబెట్టుకుంటారన్నమాట.

జూన్ 4

బీరువా కింది అరలో వెతికాను. ఆ రోజు బడి నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. ఎక్కడికీ పోలేదు.

జూన్ 6, శుక్రవారం

నవల కొన్నాను. బస్సులో ముప్ఫై పేజీలు చదివాను. బాగుంది. అందుకే ఇంకా మండింది.

ఇంటికి రాగానే కీర్తన లాక్కుంది. ఓపెన్ స్కూల్లో పది పాసయ్యాక ఇప్పుడు నేను తెచ్చే ప్రూఫులు దిద్దుతుంది — ఏ పుస్తకమైనా ముందు అచ్చుతప్పులే చూస్తుంది. నవలలో తొమ్మిది దొరికాయట. కథ ఎట్ల ఉంది అని అడిగాను.

“గామె అన్ని మాటలు వరుసగ చెప్తది. నాకు గట్ల రావు.”

చాలాసేపటి తర్వాత, నేను బియ్యం కడుగుతుంటే వచ్చి — “కుక్కర్ విజిల్ గురించి రాసింది మాత్రం కరెక్టే.”

మీటింగుకు పోతున్నానని చెప్పాను. ఎవరి మీటింగో చెప్పలేదు.

జూన్ 8, ఆదివారం

ఆమె నన్ను గుర్తుపట్టలేదు.

“కొత్తవారా? రండమ్మా, ఫ్యాను కింద కూర్చోండి” అంది. జుట్టంతా తెల్లబడింది. గొంతు అదే. ఆ గొంతుతోనే నాకు ఆ రోజు చెప్పింది — ‘ఇంట్లో పెట్టుకోండి, మీకూ సుఖం, మాకూ సుఖం.’

పదకొండు మంది. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన నర్సింహారెడ్డి సార్ ఇలాంటి పిల్లలు దేవుడితో సమానమన్నారు. ట్యూషన్లు చెప్పే పద్మ — “నవల్ల చదువుడే గని, గట్లాంటి పిల్లను నేనెన్నడు కండ్లతోని చూడలే.” చూసే ఉంటుంది. చూసి అటు పక్కకు జరిగి ఉంటుంది.

తర్వాత మేడం ఒక పేజీ చదివింది. బడి గంట మోగగానే ఆ అమ్మాయి చెవులు మూసుకొని గోడకు అతుక్కుపోయే పేజీ. సగంలో ఆగి కళ్ళు తుడుచుకుంది. “ఆ పిల్ల పక్కన ఒక్క టీచరైనా ఉండి ఉంటే...” అంది.

నేను చాయ్ తాగాను.  వచ్చే ఆదివారం మాట్లాడతాను.

జూన్ 10

మా ఆయన సూర్యాపేట ట్రిప్పు నుంచి వచ్చాడు. బస్సు డిపోలో పెట్టి, అన్నం తింటూ విన్నాడు.

“ఆరేండ్ల ముచ్చట ఇప్పుడెందుకు తవ్వుతవ్?”

“ఆ రోజు నువ్వు డ్యూటీల ఉంటివి. గామె ముంగట నిలబడ్డది నేను.”

 పెరుగు వేసుకున్నాడు.

జూన్ 12, గురువారం

ఉత్తరం చదవడం ప్రాక్టీసు చేస్తున్నాను. షాపులో, ఎవరూ లేనప్పుడు. గొంతు వణకకూడదు. ఏడవకూడదు. ఏడుపు ఆమె పని.

ఒక వాక్యం దగ్గర ఆగుతున్నాను. ‘తరగతిలో బట్టలు తడుపుకుంటోంది.’ వదిలేయొచ్చు. వదిలేస్తే మిగిలిన ఉత్తరం మామూలు ఉత్తరమే, ఎవరికీ ఏమీ అనిపించదు. ఈ వాక్యం దగ్గరే గది మొత్తం ఆమె మీదికి తిరుగుతుంది.

చదువుతాను.

జూన్ 15, ఆదివారం

వరుసగా రాసుకోవాలి. ఒక్కటి కూడా మరిచిపోకూడదు.

అందరూ మాట్లాడాక నేను చెయ్యెత్తాను. “నా దగ్గర ఒక ఉత్తరం ఉన్నది. గీ నవల్ల పిల్లలాంటి పిల్ల తల్లికి ఒక బడి నుంచి వచ్చింది. చదువుతా, జర వినున్రి.” మేడం సంతోషంగా తల ఊపింది — “చదవండమ్మా, మంచి ఆలోచన.”

చదివాను.

‘ఐదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి ప్రార్థన సమయంలో బెంచీ కింద దూరుతోంది. పిలిచినా పలకదు. తరగతిలో బట్టలు తడుపుకుంటోంది. మిగతా పిల్లల తల్లిదండ్రులు ఇబ్బంది పడుతున్నారు. ఇటువంటి పిల్లలకు మా పాఠశాల తగిన చోటు కాదు. వారం లోపల టి.సి. తీసుకొని సహకరించగలరు.’

గొంతు వణకలేదు.

పద్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నర్సింహారెడ్డి సార్ — “గిసుంటోళ్ళ పేరు బయటపెట్టాలె అసలు.” నేను ఆగాను. ఆమె వంతు కోసం ఆగాను. వచ్చింది.

“పదేళ్ళ పిల్ల గురించి ఇలా రాయడానికి చేతులెలా వచ్చాయండీ ఆ మనిషికి?” అంది మేడం. “ఇలాంటివాళ్ళు టీచర్లు ఎలా అయ్యారో.”

ఆ క్షణంలో కాగితం మడిచి సంచిలో పెట్టుకొని వచ్చేయొచ్చు. ఆమె నోటితో ఆమెకే శిక్ష పడిపోయింది. కానీ అది నాకొక్కదానికి తెలిస్తే చాలదు.

“సంతకం గూడ చదవాల్నా సార్?” అని సార్‌ను అడిగాను.

“చదువమ్మా.”

చదివాను. పేరు, హోదా, తేదీ. అందరూ ముందు నా వైపు చూశారు. తర్వాత ఆమె వైపు. చెయ్యి చాచింది, ఇచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకొని చూసింది... చాలాసేపు చూసింది.

“నాదే” అంది. “సంతకం నాదే.”

 ఆమె పక్కన కూర్చున్న పద్మ కుర్చీ ఇటు జరుపుకుంది. నేను లేచి, ఉత్తరం ఆమె చేతిలోంచి తీసుకున్నాను. కొంచెం లాగాల్సి వచ్చింది.

జూన్ 16

కూరలో ఉప్పు ఎక్కువైంది. అయినా రెండుసార్లు వడ్డించుకున్నాను. ఆరేళ్ళలో ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేను.

జూన్ 18, బుధవారం

మొదటి రోజే నన్నూ చేర్చిన పుస్తక మిత్రుల వాట్సాప్ గ్రూపులో మేడం నిర్వహణ వదిలేస్తున్నానని రాసి వెళ్ళిపోయింది. ఒక్కరు కూడా వద్దనలేదు. ఆ మెసేజ్ నాలుగుసార్లు చదువుకున్నాను.

పద్మ నాకు విడిగా ఏడుపు బొమ్మలు పంపింది. 

జూన్ 19, గురువారం

నర్సింహారెడ్డి సార్ ఫోను. పిండి కలుపుతున్నాను, స్పీకరు పెట్టాను. కీర్తన పక్కనే ప్రూఫులు చూసుకుంటోంది.

“అమ్మా, మీ బిడ్డను మీటింగుకు తోల్కరా. మేమందరం చూస్తం, మాట్లాడిస్తం. పాపం, బట్టల సంగతి విన్నకాన్నుంచి నాకు నిద్ర పడ్తలేదు.”

స్పీకరు ఆపేలోపు అయిపోయింది.

కీర్తన పెన్ను కింద పెట్టింది. “ఏ బట్టల సంగతి?”

చెప్పాను. ఉత్తరం అడిగింది. ఇచ్చాను. నిలబడే చదివింది. అచ్చుతప్పుల కోసం చదివినట్లే, ఒక్కో మాట మీద వేలు పెట్టి.

“ఎంతమంది విన్నరు?”

“పదకొండు మంది.”

“ఆ రోజు క్లాసుల ఉన్నోళ్ళకే తెలుసు అనుకున్న. ఇప్పుడు ఇంకో పదకొండు మందికి తెలిసింది.”

“ఆమెకు బుద్ధి రావాలనే బిడ్డా. నీ కోసమే—”

“నన్ను అడుగలే.”

గొంతు పెంచలేదు. ఉత్తరం మడిచి తన గదిలోకి తీసుకుపోయింది. చపాతీలు చేశాను. రెండు మాడిపోయాయి.

జూన్ 20

మాట్లాడటం లేదు. ప్రూఫులు దిద్ది బల్ల మీద పెడుతోంది. నేను షాపుకు తీసుకుపోతున్నాను.

జూన్ 21

మాట్లాడటం లేదు.

జూన్ 23, సోమవారం

మేడం షాపుకు వచ్చింది. షాపు అడ్రసు పద్మ ఇచ్చిందట. నా ముందు పెళ్ళికార్డు వాళ్ళు ఇద్దరున్నారు. ఆమెను చూసీ చూడనట్లు ఆ పనులు చేశాను. రెండో కార్డుకు అవసరం లేకపోయినా మూడు డిజైన్లు చూపించాను. ఆమె నిలబడే ఉంది. కుర్చీ ఉంది, చూపించలేదు. ఇందులో ఇంకా తృప్తి ఉంది. అబద్ధం ఎందుకు రాసుకోవాలి?

అందరూ పోయాక అంది — “మీ అమ్మాయి నాకు గుర్తు రావడం లేదమ్మా. వారం రోజులుగా ప్రయత్నిస్తున్నాను. అలాంటి ఉత్తరాలు ఎన్ని రాశానో కూడా తెలియదు. ఆ పాపను ఒక్కసారి కలవనిస్తారా?”

క్షమించమని అడుగుతుందనుకున్నాను. అడిగితే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. గుర్తు లేదని చెప్పడానికి ఇంత దూరం వస్తుందనుకోలేదు.

వీల్లేదు అనబోయాను. “ఆమెను అడగాలె” అన్నాను.

సాయంత్రం గది తలుపు దగ్గర నిలబడి అడిగాను. నాలుగు రోజుల తర్వాత మొదటి మాట — “మేడం సంగతి తర్వాత. ముంగట నీ సంగతి.”

తప్పు చేశానన్నాను. ఆ వాక్యం వదిలేయాలా అని ముందే ఆలోచించానని, కావాలనే వదల్లేదని కూడా చెప్పాను. అది దాచి ఉంటే బాగుండేదేమో.

కీర్తన గోడ వైపు చూస్తూ విన్నది. “సరే, విన్న” అంది. సరే అంటే ఏంటో చెప్పలేదు.

జూన్ 26

“మేడంను ఆదివారం రమ్మను. నువ్వు లోపల ఉండొద్దు.”

“నేను పక్కన గమ్మున కూసుంట.”

“వద్దు. నువ్వుంటే నువ్వే మాట్లాడ్తవ్.”

జూన్ 29, ఆదివారం

మెట్ల మీద కూర్చొని రాస్తున్నాను. ఐదింటికి వచ్చింది. ఇప్పుడు ఆరు కావస్తోంది. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. తలుపు లోపలి నుంచి గడియ వేసింది కీర్తన. నాకు వినబడేలా వేసింది.

మేడం ఏడుస్తుందనుకున్నాను. వినాలని ఉంది, నిజం. ఏడుపు లేదు. మొదట కుర్చీలు జరిపిన చప్పుడు. తర్వాత కీర్తన గొంతు. ఆగకుండా. ఇంతసేపు ఒక్కదగ్గర మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం తెలుస్తోంది. మధ్యలో ఒకసారి ‘అమ్మ’ అని వినబడింది.

లేచి తలుపుకు చెవి పెట్టబోయాను. పైఇంటామె చెత్తబుట్టతో దిగుతూ అడిగింది — “ఏందక్కా, తాళం మర్చిపోయినవా?”

లేదన్నాను. మళ్ళీ కూర్చున్నాను.

ఇంకా మాట్లాడుతూనే ఉంది.