పిన్ని చెప్పిన మర్యాద మాట

హెడ్మిస్ట్రెస్ గారికి,

అమ్మా, ఇల్లు లేని పిల్లలకు బడి ఇచ్చే బస్సు పాసు నాకు రాదని నిన్న గుమాస్తాగారు చెప్పారు. నాకు ఇల్లుందట.

అద్దె ఇల్లు ఖాళీ చేయించాక అమ్మా నేనూ పిన్నివాళ్ళ వంటగదిలో పడుకుంటున్నాం. అందరి భోజనాలూ అయి, తుడిచిన నేల ఆరేదాకా మాకు చాప పరుచుకునే చోటుండదు. నా పుస్తకాలు గ్యాస్ బండ వెనక ఉంటాయి.

బడి తరఫున విచారణకు వచ్చిన సారు ముందుగదిలోనే కూర్చుని పిన్నిని అడిగారు.

"అయ్యో, వీళ్ళేమైనా పరాయివాళ్ళా అండీ? ఇది మా అక్క ఇల్లే!" అంది పిన్ని.

కొత్తవాళ్ళ ముందు ఎవరైనా అలాగే అంటారు. ఆయన మాత్రం దాన్నే రాసుకున్నారు. నేను తెచ్చిచ్చిన టీ తాగారు గానీ, అది వచ్చిన వంటగదిలోకి తొంగి చూడలేదు. ఇల్లుందో లేదో ఇలా తేల్చడమంటే నాకు రోత పుడుతోంది.

మా వంశంలో బడి గడప తొక్కింది నేనొక్కదాన్నే. ఇక్కణ్ణుంచి బడి ఊరికి ఆ చివర. పాసు లేకపోతే నా చదువు ఇంతటితో సరి.

దయచేసి మళ్ళీ విచారణకు పంపండి. ఈసారి పిన్నిని అడగొద్దు. మొన్న సారు వీధి మలుపు తిరక్కముందే పిన్నితో "మీ అక్కావాళ్ళు ఎప్పుడు కదుల్తారే?" అన్న బాబాయిని అడగమనండి.

మీ ఆఖరి తరగతి విద్యార్థిని