ఎడమ నుంచి మూడో గొంతు

ప్లొవ్‌దివ్,
9 సెప్టెంబర్ 2006

ప్రియమైన సావా,

ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు, మిగతా సగం నువ్వే వినిపించుకోవు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మా ఆవిడ పోయిన నలభయ్యో రోజుకి నువ్వు వచ్చి వెళ్లాక ఇక్కడ కొత్తగా ఏమీ జరగలేదు. ఎలిత్సా ఫొటోతో మా ఫ్లాట్ల బ్లాకు తలుపు మీద అంటించిన చావు కాగితం వానకి తడిసి ముడుచుకుపోయింది. నవంబరులో ఆరు నెలలది అంటించాలి. దానికి ఇంకో ఫొటో వెతుకుతున్నాను. అన్నింటిలోనూ పక్కకి చూస్తూ ఉంటుంది.

అసలు సంగతికి వస్తాను. నాకు మంచి స్పీకర్లు కావాలి. ముప్పై ఏళ్లు ట్రాలీబస్సు నడిపినవాడికి ఈ వయసులో ఇదేం సరదా అని నవ్వుకుంటావు, నవ్వుకో. వంటింటి వెనక ఆమె కుట్టుగది ఉంది కదా, మూడు మీటర్లకి మూడున్నర. అందులో ఒక కుర్చీ వేసుకుని మన రికార్డు వినాలి. ఎలిత్సా వాళ్ల బృందం పాడగా నువ్వు రేడియోలో రికార్డు చేసినదే, డెబ్భై తొమ్మిదిలోది. ఆమె పోయాక దాన్ని పెట్టడానికి ధైర్యం చాల్లేదు. ఆగస్టులో మనసు గట్టి చేసుకుని పెట్టబోతే ముందు గదిలోని పాత ప్లేయరు పొగ వచ్చి ఆగిపోయింది. ఇప్పుడు మా చెల్లెలు తన ఇంట్లో ఊరికే పడున్న ప్లేయరూ, ఆంప్లిఫయరూ ఇచ్చింది. స్పీకర్లే లేవు.

ఆ రికార్డులో ఆమె గొంతు నాకు ఎంత స్పష్టంగా వినిపించేదో నీకు తెలుసు. రెండో వరస, ఎడమ నుంచి మూడోది. ఇంటికొచ్చిన ప్రతివాడికీ వేలు పెట్టి చూపించేవాణ్ని. ఆమె మాట ఇంకెక్కడా లేదు సావా. మేము ఎప్పుడూ ఏదీ రికార్డు చేసుకోలేదు. ఉన్నది అదొక్కటే. ఏవి కొనాలో చెప్పు.

నీ ల్యుబెన్

సోఫియా,
19 సెప్టెంబర్

ప్రియమైన ల్యుబెన్,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. మోకాళ్ల నొప్పి అని వంక పెట్టను. ఏం రాయాలో తోచక ఆలస్యం చేశాను.

నవ్వలేదు. ఆ గదికి చిన్న స్పీకర్లే మంచివి, స్టాండు మీద పెట్టుకునేవి. అంత ఇరుకులో నేల మీద నిలబడే పెద్దవి పెడితే కింది స్వరాలన్నీ మూలల్లో చేరి గుడగుడలాడతాయి, మనిషి గొంతు వాటి కింద పడి నలిగిపోతుంది. నలభై ఏళ్లు చేసిన పని కాబట్టి చెబుతున్నాను.

ఇంకోటి. దుకాణానికి ఆ రికార్డు పట్టుకుని వెళ్లకు. పాతది, గీతలు పడి ఉంటుంది, దానితో స్పీకర్లు తేల్చుకోలేవు. పియానో ఉన్నది ఏదైనా తీసుకెళ్లు. నన్నడిగితే ఇప్పుడే కొనొద్దంటాను. ఈ చలికాలం గడవనీ. ఒక వారం వచ్చి నా దగ్గర ఉండు.

చెవులు మందగించిన నీ స్నేహితుడు,
సావా

ప్లొవ్‌దివ్,
2 అక్టోబర్

ప్రియమైన సావా,

నీ సలహా చదివాను, గౌరవంగా పక్కన పెట్టాను. ఎలిత్సా నిలబడి పాడిన మనిషి. సాధన అయ్యాక కాళ్లు వాచి ఇంటికి వచ్చేది, నేను ఉప్పునీళ్లు కాచి పెట్టేవాణ్ని. అలాంటి మనిషిని తీసుకొచ్చి స్టాండు మీద పూలకుండీలా పెట్టమంటావేమిటి? నేల మీద నిలబడేవే కావాలి. గొంతు నా ఎత్తులో ఎదురుగా రావాలి.

స్టేషను వెనక వీధిలో కామెన్ అనే అతని దుకాణం ఉంది. నాలుగుసార్లు వెళ్లాను, రికార్డు పట్టుకునే వెళ్లాను. మొదటి రోజు మొహం చిట్లించాడు. మూడో రోజుకి కాఫీ పెట్టి ఇచ్చాడు. ఆరు జతలు విన్నాను. ఒకదానిలో బృందంలో ముందు గొంతు పాడే దోన్కా ఊపిరి పీల్చడం వినిపించింది, ఒకదానిలో ఎవరిదో కాగితం తిప్పిన చప్పుడు కూడా వినిపించింది. ఎలిత్సా మాత్రం వినిపించలేదు. ప్రతిసారీ పాట మధ్యలో ఆపమని, మళ్లీ మొదటినుంచి పెట్టమని అడిగాను. చివరికి కామెన్ నా పక్కన కూర్చుని అన్నాడు: "బాబాయ్, నువ్వు స్పీకర్లు కొనడానికి వచ్చినట్టు లేదు. ఎవరినో వెతుక్కుంటున్నావు."

నేనేం దాచలేదు, చెప్పేశాను. సన్నగా, నా ఛాతీ ఎత్తున్న జత ఒకటి నెల రోజులు ఇంట్లో పెట్టుకుని చూడమని తనే కారులో తెచ్చి దింపాడు. చెక్క రంగు ఆమెకి నచ్చేది. కానీ నువ్వన్నంత పనీ అయింది, గదంతా గుడగుడ. మా పాత డొక్కు ప్లేయర్లో అంత బాగా వినిపించిన గొంతు ఇంత మంచి వాటిలో ఎందుకు రాదు? ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పు.

నీ మాట విననివాడు,
ల్యుబెన్

సోఫియా,
9 అక్టోబర్

ప్రియమైన ల్యుబెన్,

స్పీకర్లని గోడనుంచి రెండు మూరలు ముందుకి జరుపు. వెనక గుండ్రటి రంధ్రం ఉంటుంది, అందులో ఉన్ని మేజోళ్లు కుక్కు, గుడగుడ తగ్గుతుంది. రెండింటినీ నీ కుర్చీ వైపు కొంచెం తిప్పు. కుర్చీ మాత్రం వెనక గోడకి ఆనించకు.

అప్పటికీ గొంతు రాకపోతే అది స్పీకర్ల తప్పు కాదు. గదిదే తప్పయి ఉంటుంది. చిన్న గది, నిండా సామాను. దానితో ఎంతని పోట్లాడతావు? కామెన్ మంచివాడిలా ఉన్నాడు, వాటిని తిరిగి ఇచ్చేయి.

నీ మంచి కోరే
సావా

ప్లొవ్‌దివ్,
21 అక్టోబర్

ప్రియమైన సావా,

నువ్వన్నది నిజం, గదిదే తప్పు. మేజోళ్లు కుక్కాను, ఆమె అల్లినవే. గుడగుడ తగ్గింది కానీ గొంతు రాలేదు. దాంతో గది ఖాళీ చేయడం మొదలుపెట్టాను.

ముందు బట్టల బీరువా. కోట్లు రెండూ కింది అంతస్తు పెన్కాకి ఇచ్చాను, గౌన్లు చర్చి వాళ్లు పట్టుకెళ్లారు. బీరువా తీశాక ఒకసారి విన్నాను. తరవాత కుట్టుమిషను. దాన్ని ఇవ్వాలంటే చెయ్యి రాలేదు. సూది కింద ఇంకా నీలం దారం ఉంది, ఎవరి బట్టకో సగం వేసిన అంచు. అయినా సావా, మిషను ఎన్నాళ్లు పెట్టుకున్నా మాట్లాడదు కదా, గొంతు దొరికితే అదే చాలనుకున్నాను. ఇచ్చేశాను. బొత్తాల డబ్బాలు, కత్తిరింపుల కాగితాలు, అద్దం, అన్నీ పోయాయి. ఇప్పుడు ఆ గదిలో రెండు స్పీకర్లు, ఒక కుర్చీ, నేను. దగ్గితే నా దగ్గు నాకే తిరిగి వస్తోంది.

ఇంకా రాలేదు. అందుకని వంటింటికీ ఈ గదికీ మధ్య గోడ తీయించేస్తున్నాను. గది పెద్దదయితే గొంతుకి చోటు దొరుకుతుంది. శనివారం మేస్త్రీ వస్తాడు. ఒకటి మాత్రం నిజం చెప్పు, గోడ తీశాక వస్తుందా?

నీ ల్యుబెన్

సోఫియా,
25 అక్టోబర్

ల్యుబెన్,

దీన్ని పోస్టులో వేస్తే శనివారానికి అందదని ప్లొవ్‌దివ్ బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. గోడ తీయించకు. గోడ తీసినా రాదు. ఆ రికార్డులో ఎలిత్సా గొంతు లేదు.

నిలబడి ఉంటే కూర్చుని చదువు.

ఆ రోజు ఆ పాట మూడుసార్లు పాడించాను. వాళ్లు జర్మనీలో రెండు నెలలు కచేరీలు చేసి అప్పుడే తిరిగొచ్చారు. ఎలిత్సాకి జలుబు. మొదటిసారి బాగా రాలేదు. రెండోసారి చాలా బాగా వచ్చింది, ఆమె గొంతులో చిన్న జీర ఉంది, అది కూడా పాటకి అందంగానే ఉంది. బృందాన్ని నడిపే కండక్టరు నా గదిలోకి వచ్చి, ఏది ఉంచాలో నన్నే తేల్చమంది. లోపలికి మాట పంపే మైకు ఆ వారం పనిచేయడం లేదు. నా గదికీ వాళ్లకీ మధ్య ఉన్న అద్దానికి దగ్గరగా ఉన్నది ఎలిత్సాయే. రెండు వేళ్లు చూపించి, ఇది ఉంచేయనా అని సైగ చేశాను. ఆమె తల పైకీ కిందకీ ఊపింది.

మన బల్గేరియన్లకి దాని అర్థం ‘కాదు’ అని. నేను అలాగే అనుకున్నాను. అమ్మాయిలకి నచ్చలేదట, ఇంకోసారి పాడించమని కండక్టరుకి చెప్పాను. రెండు నెలలు జర్మన్ల మధ్య తిరిగి వాళ్లలాగా తలూపడం అలవాటైపోయిందని నాకు తట్టలేదు. ఆమె ఉంచమనే చెప్పింది. మూడోసారికి ఆమె గొంతు పూర్తిగా పోయింది, మిగతావాళ్లకి అడ్డం కాకూడదని బయటికెళ్లి వరండాలో కూర్చుంది. రికార్డుకి ఎక్కింది ఆ మూడోదే. రెండోది ఉన్న టేపు మీద మరుసటి వారం వార్తలు రికార్డు చేశారు. టేపుకి కరువు రోజులవి.

రికార్డు వచ్చాక ఆమెకి చెప్పి క్షమించమన్నాను. ఆమె నవ్వింది. "ఆయనకి చెప్పొద్దు సావా. ఇప్పటికే పది కొని డిపో అంతా పంచిపెట్టాడు" అంది. మాటిచ్చాను. నువ్వు వేలు పెట్టి చూపించిన ప్రతిసారీ నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

సెప్టెంబరులోనే చెప్పాల్సింది. పిరికితనంతో నేరం గది మీదకి నెట్టాను, నువ్వు గది ఖాళీ చేసుకున్నావు. ఆ మిషను సంగతి చదివాకే ఈ కాగితం తీశాను. ఏ శిక్ష వేసినా పడతాను.

సావా

ప్లొవ్‌దివ్,
11 నవంబర్

సావా,

ప్రియమైన అని రాయలేదు. రెండు వారాలుగా నీకు నాలుగు ఉత్తరాలు రాసి చింపేశాను. అందులో ఏముందో నువ్వు చదవకపోవడమే మంచిది.

మేస్త్రీని వెనక్కి పంపాను. మొన్న మెట్ల మీద పెన్కా ఎలిత్సా కోటు వేసుకుని ముందు నడుస్తోంది. వెనకనుంచి చూసి రెండు మెట్లు గబగబా ఎక్కాను. ఆమె వెనక్కి తిరిగి పలకరిస్తే తల వంచుకుని పక్కనుంచి పైకి వెళ్లిపోయాను. నీ మీద కోపం ఇంకా ఉంది, ఉంటుంది. అయినా రాయాల్సింది ఒకటుంది, అది నీకు తప్ప ఇంకెవరికి చెప్పినా అర్థం కాదు.

నాకు మతి పోలేదు సావా. ఇరవై ఏడేళ్లు ఆ పాటలో ఆమె గొంతు విన్నాను. రికార్డులో లేకపోతే ఎక్కడ విన్నట్టు? ఇదే ఆలోచన తినేసింది. నిన్న మధ్యాహ్నం రికార్డు పెట్టి, పాట నడుస్తుండగా పొయ్యి మీద మిరపకాయలు మాడుతున్నాయని వంటింట్లోకి వెళ్లాను. అక్కడ నిలబడి గోడ అవతలి పాట వింటుంటే గుర్తొచ్చింది.

ఎలిత్సా ఆ రికార్డుని మాతో కూర్చుని ఎప్పుడూ వినలేదు. చుట్టాలొస్తే నేను ముందు గదిలో ప్లేయరు పెట్టేవాణ్ని, ఆమె లేచి వంటింట్లోకి వెళ్లేది. వచ్చినవాళ్ల కోసం ఏదో వండుతోందనుకునేవాణ్ని. నీ గొంతు నువ్వే ఒకసారి కూర్చుని వినొచ్చు కదే అని విసుక్కునేవాణ్ని కూడా. ఇక్కడికి బాగానే వినిపిస్తోందిలే అనేది. తలుపు మాత్రం వారగా తీసి ఉంచేది. ప్లేయరుకి ఎడమ పక్కనే ఆ తలుపు.

అక్కడ నిలబడి పాడేది, సావా. తన వరస తనే మెల్లగా, రికార్డులో తను లేని చోట కలిపి పాడేది. నేను ఇటు వేలు పెట్టి, అదిగో విను, అదే మా ఆవిడ అని అందరికీ చెబుతుంటే, నా మాట అబద్ధం కాకుండా అటునుంచి పాడేది. ఇన్నేళ్లూ ఒక్కసారి కూడా మానలేదు. నువ్వు కూడా అక్కడే కూర్చుని నీ సిగ్గులో పడి వినలేదు. నేనేమో రికార్డని అనుకున్నాను.

పొయ్యి ఆపి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

స్పీకర్లు ఉంచుకుంటున్నాను. కామెన్‌కి చెప్పాను. వాటి తప్పేం లేదు, ఉన్నవాళ్లందరినీ చక్కగా వినిపిస్తున్నాయి. ఆ పాట మళ్లీ మళ్లీ పెట్టుకుని ఆమె వరస పాడదామని చూస్తున్నాను. రెండో మాట దగ్గరే మిగతావాళ్ల రాగంలోకి జారిపోతున్నాను. ఇరవై ఏడేళ్లు విన్నవాణ్ని, ఎలా ఉండేదో తెలుసు, పాడబోతే దొరకడం లేదు. దోన్కాని అడిగితే పక్క గొంతుల వరస తనకి రాదంది. రెండోసారి పాడినప్పుడు నువ్వు హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని విన్నావు. అప్పటికి నీ చెవులు మంచివే. ఆమె వరస ఎక్కడ పైకి పోతుందో, ఎక్కడ ఆగుతుందో గుర్తు తెచ్చుకుని కాగితం మీద రాయి. నాకు స్వరాలు చదవడం రాదు కాబట్టి బాణం గుర్తులు వేసినా చాలు.

ఇరవయ్యో తేదీకి ఆరు నెలలు. పొద్దున్నే సమాధి దగ్గర ఆనవాయితీగా ఉడికించిన గోధుమలు పంచి ఇంటికి వద్దాం. ఆ కాగితం నా చేతికిచ్చి, నువ్వు వెళ్లి గదిలో ఆ కుర్చీలో కూర్చుని రికార్డు పెట్టు. నేను వంటింట్లో నిలబడతాను.

ల్యుబెన్