ఏడో ఇల్లు

అత్తయ్యా,

మీరు పోయి ఏడాది వెళ్ళేదాకా ఆగి, ఈ ఉదయమే తెనాలిలో మన కొత్త డాబాలో పాలు పొంగించాం.

పాత తాటాకింటి చూరు లేకపోయేసరికి మీ పిల్లి ఈసారి గడ్డివాములో పిల్లలు పెట్టింది. అక్కడ వాన తడిపింది. ఇటుకల సందున దాస్తే కుక్క పసిగట్టింది. సిమెంటు గోతాల మధ్యకి మారిస్తే కూలీలు గోతాలు సర్దేశారు. ఆ తర్వాత ఇంకో మూడు చోట్లు మార్చింది. ఏడిళ్ళు తిరిగితేగాని పిల్లికూనలు కళ్ళు తెరవవని మీరనేవారు కదా.

ఇవాళ తెల్లారేసరికి అవి కొత్త వంటింట్లో, మీరు దీపానికని పెట్టించమన్న గూట్లో ఉన్నాయి.

"ఆవుకంటే ముందు పిల్లి దూరిందేంటి! తీసి బయట పెట్టు" అన్నారు మీ అబ్బాయి.

"అత్తయ్య ఉంటే పెట్టనిచ్చేవారాండీ?" అన్నాను.

ఆయన పెట్టె తెరిచి, మీ నేతచీర మడతపెట్టి వాటి కింద పరిచారు.

ఆవు గడప దాటి వెళ్ళింది. తడి సున్నం వాసనలో, పాల ఆవిరిలో కిటికీ ఎండ కలలోలా ఊగుతోంది. దూరంగా రేపల్లె బండి కూసింది. పాలు పొంగే వేళకి గూట్లో ఒక కూన కళ్ళు తెరిచి, నీలంగా, తీరిగ్గా గోడలన్నీ చూసింది.

ఆ గోడల్ని ముందు మీరు చూడాలనుకున్నాం, అత్తయ్యా.