మామయ్యగారి స్టీరింగు

మామయ్యగారూ,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. లేచేసరికి బల్ల మీద మీ కంప్యూటర్ కారు పందేల ఆట స్టీరింగు కనబడదు, కంగారుపడకండి. దాన్ని పాత కుట్టుమిషను స్టాండుకి బోల్టులేసి బిగించాను. మీరు దాన్ని లారీ తిప్పినట్టు తిప్పుతుంటే దాన్ని బల్లకి పట్టి ఉంచే ప్లాస్టిక్ బిగింపు రెండోసారి కూడా విరిగింది. పాపం, దాని తప్పేముంది!

పెడళ్ల కింద రబ్బరు చాప వేసి గోడకి ఆనించాను. "బ్రేకు నొక్కితే పారిపోతోందమ్మా" అని ఇక అనలేరు. కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ మాత్రం వద్దు, వెనక్కి జారిపోతుంది, చెక్క కుర్చీ వేసుకోండి. బ్రేకు ఆపరేషన్ అయిన కాలితోనే నొక్కాలి. కసరత్తు చెయ్యమన్న డాక్టరుగారితో పోట్లాడిన మనిషి, పందెం అనేసరికి పొద్దంతా నొక్కుతున్నారు!

నిన్న మీ చేతిలో ఓడిపోయి మీ అబ్బాయి మూతి ముడుచుకున్నారు. ఇవాళ ఒక్కసారైనా గెలవనివ్వండి.

మీ కోడలు

తా.క. నిన్న ఆట మధ్యలో మంచినీళ్లకని వంటింట్లోకి వచ్చారు కదా, చేతికర్ర లేకుండా వచ్చారు. అప్పుడే చెబితే గుర్తొచ్చి తడబడతారని చెప్పకుండా ఊరుకున్నాను. కర్ర తలుపు వెనకాలే ఉంది. అక్కడే ఉండనివ్వండి.